డబ్బా మార్చే ముందు కప్లర్ విప్పి చూడండి

ప్రశ్న: నమస్తే సార్. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 13 సీట్ల డీజిల్ వ్యాన్ ఉంది, 2021 మోడల్. వారంలో ఐదు రోజులు స్కూలు పిల్లల్ని తిప్పుతాను, శని ఆదివారాలు అన్నవరం, ద్వారకా తిరుమల కిరాయిలు. ఈ వానాకాలం నుంచి బండికి దయ్యం పట్టినట్టుంది. రాత్రి ఇంటి ముందు ఆపి తాళం వేసి పడుకుంటే, అర్ధరాత్రి వైపర్లు వాటంతట అవే రెండుసార్లు ఊగి ఆగిపోతున్నాయి. తలుపుల లాకులు టక్ టక్ మంటున్నాయి. పొద్దున్నే సెల్ఫ్ కొడితే బ్యాటరీ డౌన్. మొన్న రాత్రి భీమవరం నుంచి పెళ్ళివాళ్ళతో వస్తుంటే హెడ్‌లైట్లు ఒక్కసారిగా ఆరిపోయి, మూడు నాలుగు సెకన్ల తర్వాత మళ్ళీ వెలిగాయి. నా గుండె జారిపోయింది. మెకానిక్ స్కానర్ పెడితే యు0140 అని వచ్చింది, బీసీఎం పోయిందన్నాడు. షోరూమ్‌లో పార్టు 18,500, కోడింగ్ ఛార్జీ వేరే, రావడానికి పది రోజులు అంటున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన కుర్రాడు సెకండ్‌హ్యాండ్‌ది 4,500కి ఇప్పిస్తానంటున్నాడు. కొనమంటారా? నేనే బిగించుకోవచ్చా?

జవాబు: ముందు ఆ ఆటోనగర్ కుర్రాడికి ఫోన్ చేసి ఒక వారం ఆగమనండి. ఇంకో మాట, ఈ సంగతి తేలేదాకా రాత్రి కిరాయిలు ఒప్పుకోకండి. నడిరోడ్డు మీద లైట్లు ఆరిపోయిన బండిలో జనాన్ని ఎక్కించుకోవడం మంచిది కాదు, నాలుగు సెకన్లే కదా అనుకోవద్దు, 60 స్పీడులో నాలుగు సెకన్లంటే 65 మీటర్లు పైమాటే.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది "ఈ వానాకాలం నుంచి" అన్న మాట. ఎండాకాలమంతా బుద్ధిగా తిరిగిన బండి వానలు పడగానే ఇలా చేస్తోందంటే నేను బీసీఎం పార్టు నంబరు వెతకను, బండిలోకి నీళ్ళు ఎక్కడి నుంచి దిగుతున్నాయో వెతుకుతాను.

బీసీఎం అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్ అని మీకు తెలిసే ఉంటుంది, అది చేసే పనేమిటో కూడా తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. పాత బళ్ళలో వైపర్ స్విచ్ వేస్తే కరెంటు ఆ స్విచ్‌లోంచో, ఒక రిలేలోంచో నేరుగా మోటారుకు పోయేది. ఏదైనా పనిచేయకపోతే ఆ వైరు పట్టుకుని వెళ్తే ఎక్కడో ఒకచోట దొరికేది. ఇప్పటి బళ్ళలో స్విచ్ చేసేది అర్జీ పెట్టుకోవడం ఒక్కటే. డాష్‌బోర్డు కింద కూర్చున్న ఈ డబ్బా ఆ అర్జీ చూసి, తాళం ఏ పొజిషన్‌లో ఉంది, తలుపులు మూసి ఉన్నాయా అని వాకబు చేసుకుని, అప్పుడు మోటారుకు కరెంటు మంజూరు చేస్తుంది. లైట్లు, ఇండికేటర్లు, హార్న్, వైపర్లు, సెంట్రల్ లాక్, లోపలి లైట్లు, చాలా బళ్ళలో తాళంచెవిలోని చిప్‌ని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ కూడా దీని పెత్తనమే.

ఇప్పుడు దాని కప్లర్‌లో, అంటే వైర్లన్నీ వచ్చి డబ్బాకు తగులుకునే ప్లగ్గులో, తడి చేరిందనుకోండి. పక్కపక్క పిన్నుల మధ్య ఆ తడి మీదుగా కొంచెం కరెంటు పాకుతుంది. డబ్బాకు అది ఎవరో స్విచ్ వేసినట్టే కనిపిస్తుంది, అంటే ఎవరూ పెట్టని అర్జీ. పాపం దానికేం తెలుసు, వైపర్ తిప్పేస్తుంది. పైగా బండి తాళం వేశాక నిద్రపోవాల్సిన డబ్బా ఈ దొంగ అర్జీల కోసం లేచి కూర్చుంటుంది, తను లేవడమే కాక మిగతా డబ్బాలన్నిటినీ లేపుతుంది, ఆ జాగారానికి తెల్లారేసరికి మీ బ్యాటరీ అయిపోతుంది. మీరు చెప్పిన మూడు లక్షణాలూ ఒకే తడితో కుదురుతాయి. హెడ్‌లైట్లు ఆరడం వేరే కారణం కావచ్చు, దాని దగ్గరికి వస్తాను.

యు0140 గురించి. యు తో మొదలయ్యే కోడ్‌లు ఎక్కువగా డబ్బాల మధ్య మాటలు తెగిపోయాయని చెప్పేవి. ఈ మాటలు నడిచేది క్యాన్ అనే రెండు మెలిపెట్టిన వైర్ల మీద, బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన పద్ధతి. యు0140 అంటే "బీసీఎం మాకు పలకడం లేదు" అని మిగతా డబ్బాలు పెట్టిన ఫిర్యాదు. అది చచ్చిపోయిందని డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్‌గా మీ మెకానిక్ తీసుకున్నాడు. పలకకపోవడానికి దానికి కరెంటు అందకపోవచ్చు, ఎర్త్ వదులై ఉండొచ్చు, క్యాన్ వైరును ఎలక కొరికి ఉండొచ్చు, సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ బాగా పడిపోయి ఆ క్షణం దానికి స్పృహ తప్పి ఉండొచ్చు. నిజంగా పోయి కూడా ఉండొచ్చు, అయితే వరసలో అది ఆఖరున నిలబడుతుంది.

మూడేళ్ళ కిందట మా షెడ్డుకు ఒక వ్యాన్ వచ్చింది. అంతకుముందే రెండుసార్లు బీసీఎం మార్చారు, రెండుసార్లూ నెలన్నర బాగానే ఉండి మళ్ళీ మొదటికొచ్చింది. ఓనర్ గారు బిల్లులు రెండూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతున్నారు, అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ చూపిస్తున్నారు. డబ్బా కింది అంచున ఉన్న పెద్ద కప్లర్ లాక్ పైకెత్తి లాగగానే నా మణికట్టు మీద ఒక చుక్క పడింది. చల్లగా ఉంది, చూస్తే లేత ఆకుపచ్చ. కప్లర్‌లో నాలుగు పిన్నులకు రాగి బిందె అడుగున పట్టినట్టు చిలుము పట్టేసింది. నీళ్ళు ఎక్కడివని చూస్తే, అంతకుముందు ఏడాది ముందు అద్దం పగిలితే మార్పించారట, పైమూలలో సీలెంటు జానెడు మేర సరిగ్గా అంటలేదు. వాన పడ్డప్పుడల్లా నీళ్ళు అద్దం పక్క స్తంభం లోపలి నుంచి దిగి, అక్కడున్న వైరింగ్ కిట్ పట్టుకుని, తాడు మీద చీమ నడిచినట్టు నడిచి, తిన్నగా కప్లర్‌లోకి. కొత్త డబ్బా పెట్టిన ప్రతిసారీ మొదటి గట్టి వానదాకా బాగుండేది, అంతే. ఆ బండికి ఇంకో డబ్బా కొనే పని పడలేదు. అద్దం తీసి మళ్ళీ అంటించి, నాలుగు పిన్నులు కొత్తవి క్రింపు చేసి, వైరింగ్ కిట్‌ని కప్లర్ కంటే కిందికి ఒక వంపు తిప్పి కట్టాం, నీళ్ళు వచ్చినా ఆ వంపు దగ్గర కింద పడిపోవాలి గానీ కప్లర్ ఎక్కకూడదని. అప్పటికే లోపలున్న డబ్బాని విప్పి లోపలి సర్క్యూట్ కార్డు కడిగి ఆరబెట్టి అదే పెట్టాం.

కాబట్టి మీ బండి కార్పెట్ పైకెత్తి చూడండి, రెండు వైపులా, ముందు సీట్ల కాళ్ళ దగ్గర. కింద స్పాంజి తడిగా ఉందేమో చేత్తో నొక్కి చూడండి, పైకి పొడిగా ఉన్నా కింద తడి ఉంటుంది. ఏసీ ఉంటే దాని నీటి గొట్టం మూసుకుపోయి లోపలికి వదులుతోందేమో చూడండి. డబ్బా ఎక్కడుందో బండిని బట్టి మారుతుంది, స్టీరింగ్ కింద గానీ ఎడమ వైపు కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ కవర్ వెనక గానీ ఉంటుంది. బ్యాటరీ మైనస్ తీసి, పది పదిహేను నిమిషాలు ఆగి, అప్పుడు కప్లర్లు విప్పండి. పసుపు రంగు తొడుగున్న వైర్లూ కప్లర్లూ కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి, ముట్టుకోకండి. తడి, చిలుము, నల్లగా కాలిన పిన్ను, ఎలక పళ్ళ గాట్లు, వీటిలో ఏది కనిపించినా ఫోటో తీసి పెట్టుకోండి.

అన్నీ పొడిగా మెరుస్తుంటే అప్పుడు మల్టీమీటర్ పని. ముందు బ్యాటరీ. ఇంజన్ ఆపి రాత్రంతా ఉంచాక 12.4 నుంచి 12.7 వోల్టుల మధ్య ఉండాలి, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పోతే ముందు బ్యాటరీ సంగతి, దాని టెర్మినళ్ళ సంగతి చూడాలి. ఇంజన్ మీద 15 దాటుతుంటే డైనమో రెగ్యులేటర్ పోయినట్టు, ఆ స్థితిలో 18,500 పెట్టి కొత్త డబ్బా తగిలిస్తే అదీ ఎన్నాళ్ళో ఉండదు.

తర్వాత ఎర్త్. మీ హెడ్‌లైట్లు ఆరి వెలగడం మీద నాకు ఎక్కువ అనుమానం ఇక్కడే. కప్లర్లు మళ్ళీ బిగించి, మైనస్ తగిలించి, హెడ్‌లైట్లూ వైపరూ వేసి ఉంచి, మీటర్ ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, రెండోది బీసీఎం ఎర్త్ వైరుకు కప్లర్ వెనక వైపు నుంచి తగిలించండి. 0.1 వోల్టు లోపు వస్తే భేషు, 0.2 దాటితే ఎర్త్ బాగాలేదని. ఆ వైరు వెళ్ళి బాడీకి కలిసే బోల్టు విప్పి, కింద పెయింటూ తుప్పూ గీకి, ఇనుము మెరిశాక బిగించి, పైన కొంచెం గ్రీజు రాయండి. డెంటింగ్, పెయింటింగ్ చేయించిన బళ్ళలో ఈ బోల్టు కింద రంగు పడటం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. మీ సముద్రం గాలికి పెయింటు అక్కర్లేదు, తుప్పు చాలు.

కరెంటు అందుతోందా లేదా అన్నది మాత్రం మీటర్‌తో చూసి సంబరపడకండి. పది పోగుల వైరులో తొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది, దాని మీద లోడు పడగానే కుప్పకూలుతుంది. పాత పద్ధతిలో 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టి, బీసీఎంకి ఫ్యూజుల నుంచి వచ్చే సప్లై వైర్ల మీద వెలిగించి చూడండి, నిండుగా వెలిగితే సప్లై మంచిదే. ఈ బల్బు ప్రయోగం క్యాన్ వైర్ల మీద గానీ తెలియని సన్న వైర్ల మీద గానీ చేయకండి. కప్లర్ ముందు రంధ్రాల్లో లావు పుల్లలు గుచ్చకండి, లోపలి పిన్ను వదులై రేపు అదే కొత్త రోగం అవుతుంది.

క్యాన్ వైర్లకు ఒక తేలిక పరీక్ష ఉంది. బ్యాటరీ తీసేసి, స్కానర్ పెట్టే 16 పిన్నుల సాకెట్‌లో 6, 14 నంబర్ల మధ్య ఓమ్స్ చూడాలి, 60 దగ్గర రావాలి. రెండు చివర్లా చెరో 120 ఓమ్స్ పెడతారు గనక కలిపి 60. 120 వస్తే ఒక చివర తెగింది, సున్నా దగ్గర వస్తే రెండు వైర్లు ఒకదానికొకటి తగిలాయి. మధ్యలో ఈ మాటల్ని ఇటు నుంచి అటు దాటించే గేట్‌వే డబ్బా ఉన్న బళ్ళలో ఇది సగం కథే చెబుతుంది, అయినా రెండు నిమిషాల పని.

స్కూలు బండి అన్నారు కాబట్టి జీపీఎస్, కెమెరాలు ఉండే ఉంటాయి, కిరాయిల కోసం మ్యూజిక్ సిస్టమ్, రంగురంగుల లైట్లు కూడా. కోపం తెచ్చుకోకండి, ఇవి బిగించే వాళ్ళు దొరికిన వైరును బ్లేడుతో గీకి, మెలిపెట్టి, టేపు చుట్టి వెళ్ళిపోతారు. ఆ టేపు ఒక ఎండాకాలం గడిస్తే జిగురు కారి ఊడుతుంది. ఇవన్నీ ఫ్యూజులు తీసి రెండు రాత్రులు పడుకోబెట్టండి. హెడ్‌లైట్లకు కంపెనీ ఇచ్చిన 60/55 వాట్లవి తీసి 100/90 పెట్టించారా? 55 వాట్లకు నాలుగున్నర ఆంపియర్లు పోయేచోట 90 వాట్లకు ఏడున్నర పోతుంది, బల్బుకు. బీసీఎం లోపల స్విచ్ పని చేసే చిప్ వేడెక్కి తనను తాను కాపాడుకోవడానికి ఆపేసి, చల్లారాక మళ్ళీ వేస్తుంది. ఆరిపోయి మూడు నాలుగు సెకన్లకు వెలగడం, విన్నట్టే ఉంది కదా.

రాత్రిపూట బ్యాటరీ తాగేది ఎవరో పట్టుకోవాలంటే, మైనస్ టెర్మినల్‌కూ కేబుల్‌కూ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల మీద కలిపి, బానెట్ తప్ప అన్నీ మూసి తాళం వేసి, అరగంట పైనే ఆగండి. డబ్బాలన్నీ నిద్రపోయాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. అదే అర ఆంపియర్ పోతుంటే రోజుకు 12 ఆంపియర్ అవర్స్, కొత్త 60 ఏహెచ్ బ్యాటరీ అయినా మూడు రోజులకే సగానికి పైగా ఖాళీ. పాతదైతే ఒక్క రాత్రి చాలు. ఒక్కో ఫ్యూజు తీస్తూ చూడండి, ఏది తీస్తే దిగిందో దొంగ అక్కడున్నాడు. మీటర్ ఉండగా పొరపాటున సెల్ఫ్ కొట్టకండి, మీటర్ ఫ్యూజు టప్పున పోతుంది.

ఇవన్నీ అయ్యాక, మీ మెకానిక్‌తో కోడ్ చూసి వదిలేయకుండా స్కానర్‌లో లైవ్ డేటా తెరిపించండి. ఎవరూ ముట్టుకోకుండానే "వైపర్ స్విచ్ ఆన్" అని చూపిస్తోందా? స్టీరింగ్ పక్క వైపర్ స్విచ్ కప్లర్ పీకండి. పీకగానే ఆఫ్ అయితే తప్పు స్విచ్‌ది, బీసీఎంతో పోల్చితే దాని ఖరీదు ఎంత. పీకినా ఆన్ అనే అంటుంటే వైరులో గానీ డబ్బాలో గానీ ఉంది. అప్పుడు ఆ వైరుని డబ్బా దగ్గర కూడా విడదీసి చూస్తారు, అప్పటికీ ఆన్ అంటే ఇక డబ్బాదే. అలాగే అర్జీ లోపలికి సరిగ్గా వెళ్తోంది, సప్లై, ఎర్త్ బాగున్నాయి, బయటికి పోయే వైరులో షార్ట్ లేదు, అయినా పిన్ను మీద కరెంటు రావడం లేదంటే డబ్బా పోయినట్టే. ఈ రెండు మాటల్లో ఏదో ఒకటి మీకు చూపించి చెప్పిన మెకానిక్‌ని నమ్మండి, కోడ్ ప్రింటు మాత్రం చూపించే వాళ్ళని వద్దు.

సరే, పోయిందని తేలింది. అప్పుడు కూడా ఒక మెట్టు మధ్యలో ఉంది. తడి వల్ల పోయిన కార్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని బ్రష్‌తో కడిగి, చిలుము పట్టిన టంకాలు మళ్ళీ పోయిస్తే కొన్ని లేచి కూర్చుంటాయి. కార్డు రిపేర్లు చేసేవాళ్ళు విజయవాడ, హైదరాబాద్‌లలో ఉన్నారు. బియ్యం డబ్బాలో పెట్టేవాళ్ళూ ఉన్నారు, ఫోనుకే పనికిరాని వైద్యం, దీనికి అసలు వద్దు.

సెకండ్‌హ్యాండ్ సంగతి. 4,500 అన్నది డబ్బా ఖరీదు మాత్రమే, మీ బండిలో అది పనిచేయడానికి అయ్యే ఖరీదు వేరు. బీసీఎంలో ఏ బండిదో ఛాసిస్ నంబరు, ఆ బండి తాళంచెవుల గుర్తులు, ఫాగ్ లైట్లు ఉన్నాయా, పవర్ విండోలు ఉన్నాయా అన్న వివరాలు రాసి ఉంటాయి. తెచ్చి తగిలిస్తే లైట్లు వెలగొచ్చు గానీ, ఇమ్మొబిలైజర్ అందులోనే ఉంటే మీ తాళంచెవిని పరాయిదనుకుని బండి స్టార్ట్ కానివ్వదు. ఒకసారి ఒక బండికి రాసేశాక మళ్ళీ రాయనివ్వని రకాలూ ఉన్నాయి. మీ పాత డబ్బాలోని మెమొరీ చిప్ చదివి ఆ డేటా ఇందులోకి ఎక్కించగలిగిన నిపుణుడు దొరికితే అది వేరే మాట. కాబట్టి కుర్రాడిని అడగాల్సింది రేటు కాదు, కోడింగ్, అంటే ఈ వివరాలు మీ బండికి తగ్గట్టు రాయడం, ఎవరు చేస్తారు, బండి స్టార్టయ్యి అన్నీ పనిచేశాకే డబ్బులా, పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటారా. ఇంకొకటి, ఆ డబ్బా ఏ బండి నుంచి వచ్చిందో కాగితం అడగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు బళ్ళు ఎలా మునిగాయో చూశాం కదా, నీళ్ళలో నానిన డబ్బా పైకి తుడిస్తే కొత్తదానిలాగే మెరుస్తుంది. పిన్నుల సందుల్లో బురద పొడి ఉందేమో టార్చి వేసి చూడండి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసినా తప్పులేదు. నన్నడిగితే, పిల్లల బండికి కొత్తదే పెట్టించమంటాను.

కొత్తదైనా పార్టు నంబరు ఆఖరి అక్షరం దాకా కలవాలి. పాతదాని లేబుల్ ఫోటో తీసి అదే పంపండి, "2021 మోడల్ వ్యాన్‌ది" అని చెబితే మూడు రకాల్లో ఏదో ఒకటి వస్తుంది. మీ పాత డబ్బా అప్పుడప్పుడైనా పలుకుతోంది కాబట్టి, అది పలికే సమయంలోనే దానిలోని కాన్ఫిగరేషన్ స్కానర్‌తో కాపీ చేయించి పెట్టండి, చచ్చాక చదవడం కష్టం.

మీరే బిగించుకోవచ్చా అంటే, బిగించడం వరకు బిగించుకోవచ్చు. రెండు మూడు బోల్టులు, నాలుగైదు కప్లర్లు, అరగంట పని. ముందు బాడీ ఇనుము మీద చేయి పెట్టి ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకోండి, తాళంచెవి జేబులో పెట్టుకోండి, డ్రైవరు తలుపు అద్దం దించి ఉంచండి, మధ్యలో లాకులు పడి మీరు బయట ఉండిపోతే నవ్వులపాలు. కప్లర్ల లాక్ మీట ఎత్తి తీయాలి, వైర్లు పట్టుకుని లాగకూడదు. తర్వాత కోడింగ్ మాత్రం షోరూమ్‌లోనో, మీ బండి సాఫ్ట్‌వేర్ ఉన్న వాళ్ళ దగ్గరో. అక్కడికి మీ దగ్గరున్న తాళంచెవులన్నీ పట్టుకెళ్ళండి, ఇంట్లో బీరువాలో ఉన్న రెండోది కూడా. కొన్ని బళ్ళలో ఆ సమయంలో ఎదురుగా లేని తాళంచెవి లెక్కలోంచి పోతుంది. కోడింగ్ చేసేటప్పుడు బ్యాటరీకి వోల్టేజ్ నిలకడగా ఇచ్చే సప్లై తగిలించారో లేదో మీరే చూడండి, మామూలు చిన్న ఛార్జర్ సరిపోదు. సగంలో వోల్టేజ్ పడిపోతే కొత్త డబ్బా అక్కడికక్కడే రాయి అయిపోతుంది, ఆ నష్టం ఎవరిదో తేలడానికి ఇంకో పది రోజులు.

డబ్బులు కట్టే ముందు చిన్న విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కొటేషన్‌లో 28 అని ఉంటే అది పాత లెక్క, మార్చమనండి. జాబ్ కార్డ్ మీద ఏయే పరీక్షలు చేసి బీసీఎం పోయిందని తేల్చారో రాయించుకోండి. పాత డబ్బా ఇంటికి తెచ్చుకోండి. వాళ్ళు మార్చిన తర్వాత కూడా వైపర్లు అర్ధరాత్రి ఊగితే ఆ కాగితమే మీ చేతిలో ఆయుధం, అప్పటికీ మాట వినకపోతే 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్ ఉంది.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నాను. మాది క్యాటరింగ్ వ్యాన్. ఇండికేటర్లకు ఎల్ఈడీ బల్బులు పెట్టించినప్పటి నుంచి రెట్టింపు స్పీడుగా కొట్టుకుంటున్నాయి. మావారు బీసీఎం మార్పిద్దామంటున్నారు. నిజంగా అవసరమా అన్నా?

జవాబు: అక్కర్లేదమ్మా, మీ బీసీఎం శుభ్రంగా పనిచేస్తోంది. దానికి 21 వాట్ల బల్బు ఎంత కరెంటు తాగుతుందో తెలుసు. ఎల్ఈడీ అందులో పదో వంతో ఎంతో తాగుతుంది, అది చూసి "ఒక బల్బు మాడిపోయింది, ఓనర్‌కి చెప్పాలి" అనుకుని గబగబా కొట్టి మీకు చెబుతోంది. పాత బల్బులు పెట్టేస్తే ఈ క్షణమే ఆగుతుంది. ఎల్ఈడీలే కావాలంటే పక్కన, పాత బల్బంత కరెంటు తాగినట్టు చూపించే లోడ్ రెసిస్టర్లు పెడతారు, అవి చెయ్యి కాలేంత వేడెక్కుతాయి, ప్లాస్టిక్‌కూ వైర్లకూ తగలకుండా ఇనుము మీద బిగించమనండి. ఇంత చేసి ఎల్ఈడీ వల్ల ఆదా అయిన కరెంటంతా ఆ రెసిస్టర్ తాగేస్తుంది. మీవారికి చెప్పండి, ఆ బీసీఎం డబ్బులతో రెండు మంచి టైర్లు వస్తాయేమో కనుక్కోమని.

ప్రశ్న: బీసీఎం కొత్తది వేయించాను, బండి స్టార్టవుతోంది, అన్నీ బాగున్నాయి, రిమోట్ మాత్రం పనిచేయడం లేదు. తాళంచెవి కోడింగ్ అయిందంటున్నారు. మళ్ళీ డబ్బులు అడుగుతారేమోనని భయంగా ఉంది. (ఒంగోలు)

జవాబు: తాళంచెవిలో ఇద్దరున్నారు. ఇంజన్‌ని స్టార్ట్ కానిచ్చే చిప్ ఒకటి, దానికి బ్యాటరీ అక్కర్లేదు. తలుపులు తీసే రిమోట్ ఇంకొకటి, అది చిన్న బిళ్ళ బ్యాటరీ మీద నడుస్తుంది. మీ వాళ్ళు మొదటిదాన్ని పరిచయం చేసి రెండోదాన్ని మరిచిపోయారు. చాలా బళ్ళలో స్కానర్‌తో ఐదు నిమిషాల పని, బీసీఎం పనిలో భాగమే, విడిగా బిల్లు వేస్తే కట్టకండి. వెళ్ళే ముందు ఆ బిళ్ళ బ్యాటరీ ఒకసారి మార్చి చూడండి, అదే అయితే తిరుగుడు తప్పుతుంది.

ప్రశ్న: వ్యాన్ పైన సామాన్ల క్యారియర్ వెల్డింగ్ పెట్టిస్తున్నాను. బ్యాటరీ తీయాలా? వెల్డర్ ఏం కాదంటున్నాడు. (తుని)

జవాబు: తీయాలి. ఏమైనా అయితే డబ్బా వెల్డర్‌ది కాదుగా. మైనస్ కేబుల్ విప్పి టెర్మినల్‌కు తగలకుండా గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. వెల్డింగ్ ఎర్త్ క్లాంపు టైరు దగ్గరో బంపర్‌కో పెట్టనివ్వకండి, అతుకు పడేచోటికి జానెడు దూరంలో, పెయింటు గీకిన చోట పెట్టించండి, కరెంటు దగ్గరి దారిన వెళ్ళిపోతుంది, బండంతా తిరగదు. బీసీఎం కప్లర్లు కూడా తీసి ఉంచితే ఇంకా మంచిది. రూఫ్ లోపలి గుడ్డ, దాని కింద వెళ్ళే లైటు వైర్లు దించి పెట్టమనండి, పక్కన ఒక బకెట్ నీళ్ళు. అతికించిన చోట్ల పైన సీలెంటు రాయించడం మరిచిపోకండి, లేకపోతే వచ్చే వానాకాలం మీరూ పాలకొల్లు తమ్ముడిలాగే నాకు ఉత్తరం రాస్తారు.